మూతి ముడవని మాట

"ఊ అనకు, ఔ అను. మూతి ముడవకే, దవడ కిందికి వదులు!"

తోమసిన్ కూతురి గడ్డం పట్టుకుని కిందికి లాగింది. ఎమ్మట్ నోరు తెరిచింది.

"హూస్."

"నీ మొహం! హౌస్!"

లండన్‌లో అచ్చు పుస్తకం ఇంకా వింతగా ఉన్న రోజులవి. ఇంటిని అందరూ హూస్ అనేవాళ్లు. ఎలుకని మూస్ అనేవాళ్లు. తాతల నాటి నుంచీ అంతే. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఎలుకలకి అసలే లేదు.

అలాంటిది, చలి మొదలైన ఓ ఆదివారం చర్చి మెట్ల మీద, పట్టు వర్తకుడి భార్య పెట్రొనెల్ దొరసాని పాదిరితో ఓ ముక్క అంది.

"మా హౌస్‌లో ఓ మౌస్ చేరింది ఫాదర్."

అంతే. మెట్ల మీదున్న ఆడవాళ్లందరి చెవులూ నిక్కాయి. ఆ మాట అంటూ దొరసాని నవ్వలేదు. మధ్యలో ఓసారి కళ్లు మూసుకుని 'హా' అని నిట్టూర్చింది. పట్టు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. దగ్గర్లో నిలబడ్డవాళ్లకి లవంగాల వాసన గుప్పుమంది. లవంగమంటే మాటలా, ఏ దేశాన్నుంచో ఓడల మీద రావాలి!

"రాజుగారి కొలువులో ఇప్పుడంతా ఇలాగేనట," అంది రొట్టెలమ్మే ఆవిడ. ఆవిడ కొలువు సంగతి అటుంచి, కోట గోడ కూడా చూసి ఎరగదు.

వారం తిరిగేసరికి తోమసిన్ ఉండే సందు సందంతా హౌస్. పట్టు రుమాళ్లు లేనివాళ్లు తలగుడ్డ అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లవంగాలు కొనలేనివాళ్లు, కొన్నవాళ్ల పక్కన నిలబడ్డారు. చేపలమ్మి కూడా బేరం మధ్యలో కళ్లు మూసుకుని నిట్టూర్చడం మొదలుపెట్టింది. అదే అదనుగా ఎవరో ఓ చేప ఎత్తుకుపోయారు కూడా.

అంతటితో ఆగారా? దొరసాని అనని మాటల్ని కూడా వంచేశారు. నిన్నటిదాకా వీఫ్ అయిన పెళ్లాం వైఫ్ అయింది. టూన్ అనే ఊరు కాస్తా టౌన్. నామె అనే పేరు నేమ్ అయి కూర్చుంది. బడిపంతులు ఒక్కడే ఒప్పుకోలేదు.

"మీ నోళ్లు ఎటైనా తిరగనివ్వండి. నేను నేర్చుకున్న రాత మాత్రం మార్చను," అన్నాడు.

పాపం పిల్లలు, రాసింది ఒకటీ చదివింది ఒకటీ అయి బెత్తం దెబ్బలు తిన్నారు.

మిగతావాళ్లకి ఇది ముచ్చట. తోమసిన్‌కి మాత్రం అవసరం. మొగుడు పశువుల కొవ్వు కరిగించి కొవ్వొత్తులు పోస్తాడు. గోడలకీ, గుడ్డలకీ, తినే రొట్టెకీ అదే కంపు. దొరసాని తన దగ్గర ఉంచుకోవడానికి ఓ ఆడపిల్ల కోసం చూస్తోందని తెలిసింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి పట్టు వర్తకుల సంబంధం ఖాయం. అది తప్పిపోతే ఎమ్మట్ కూడా జన్మంతా కొవ్వు బానల దగ్గరే.

కిటికీలోంచి హావిస్ తల పెట్టింది. ఎక్కడో ఉత్తరాన ఉన్న యార్కు నుంచి వచ్చి పక్కింట్లో బీరు కాచుకునే మనిషి.

"ఏం వదినా, పిల్లకి నోరు పడిపోయిందా?"

"పెద్దింటి మాట నేర్పుకుంటున్నాం. నీకేం తెలుసు?"

"హౌస్ అనగానే కొవ్వు కంపు పోతుందేంటి?"

"నీ యార్కు నోరు యార్కులో పెట్టుకో!"

"నాది భద్రంగానే ఉందిలే. మీ పిల్ల పాత నోరు ఎక్కడ పెట్టావో గుర్తుంచుకో. మళ్లీ కావలసొస్తే వెతుక్కోవాలి."

తోమసిన్ కిటికీ తలుపు ధడాలున మూసింది. ఇక పిల్లని వదల్లేదు. వంట దగ్గర హౌస్, బావి దగ్గర హౌస్. చివరికి ఎమ్మట్ నిద్రలో కూడా హౌస్ అనే పలవరించింది.

క్రిస్మస్ ముందు దొరసాని నుంచి పిలుపు వచ్చింది. రొట్టెలావిడని బతిమాలి తెచ్చిన లవంగం ఒకటి కూతురి బుగ్గన పెట్టి, చేతికి రుమాలిచ్చి తీసుకెళ్లింది తోమసిన్.

దొరసాని ఆ రోజు కులాసాగా ఉంది. చేతిలో రుమాలు లేదు. పిల్లని చూసి నవ్వింది కూడా. తోమసిన్‌కి సగం ప్రాణం లేచొచ్చింది.

"ముద్దుగా ఉన్నావే! నా దగ్గర ఉంటావా మరి?"

ఎమ్మట్ మోకాలు వంచి దణ్ణం పెట్టింది. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"మీ హౌస్... హా... ఈ టౌన్‌కే పెద్ద హౌస్ కదా అమ్మగారూ!"

దొరసాని నవ్వు ఆగిపోయింది.

"ఏంటీ? ఇంకోసారి అను."

తల్లి వెనక నుంచి మురిసిపోతూ పొడిచింది. పిల్ల దవడ ఇంకాస్త వదిలింది.

"హౌ...స్!"

"తిన్నగా మాట్లాడవే!"

ఎమ్మట్ భయపడిపోయింది. మూతి ముడవబోయింది. ముడతే పడలేదు. హ అంది, హా అంది, చివరికి మళ్లీ హౌస్ అనే వచ్చింది.

దొరసాని కుర్చీలోంచి లేచింది. మొహం కందగడ్డ అయింది.

"బయటికి! నా హూస్‌లోంచి బయటికి పొండి!"

హూస్! తోమసిన్ తన చెవుల్ని తనే నమ్మలేదు. ముసలి దాసీ ఇద్దరినీ రెక్క పట్టుకుని వీధి గుమ్మం దాకా లాక్కొచ్చింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"మేం చేసిన తప్పేంటమ్మా?" తోమసిన్ గుమ్మం పట్టుకుని వదల్లేదు. "అమ్మగారి మాటే కదా మా పిల్ల మాట్లాడింది!"

దాసీ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పుప్పిపన్ను పోటుతో మూతి ముడవలేక ఇన్నాళ్లూ నానా యాతనా పడి, మొన్ననే మంగలిచేత పీకించుకుని అమ్మగారు కాస్త తెరిపిన పడితే, ఇంటికొచ్చి మరీ వెక్కిరిస్తారే తల్లీకూతుళ్లు!"