కమిటీకి కావాల్సిన జవాబు

సారమ్మ వాకిట్లో కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. ఎదురుగా కూతురు రూతు కూడా ఒక్కో కాడ తీస్తోంది. చెయ్యి ఎత్తినప్పుడల్లా రూతు ముంజేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"ఐతారం పూట గూడ ఆకేనా? నన్ను మేకను జేస్తవా ఏంది?" మంచం మీంచి అన్నాడు తండ్రి సాల్మన్. ఎవరూ నవ్వలేదు.

మడికొండ చుట్టుపక్కల రూతును పరుగులో దాటినవాళ్లు లేరు. ఢిల్లీలో జరిగే ఏషియాడ్ పోటీల కోసం జాతీయ కమిటీ ఆమెను పటియాలా శిబిరానికి పిలిపించుకుంది. తిండి, బట్ట, బూట్లు, డాక్టరు, అన్నీ కమిటీవే. అక్కడ నిలదొక్కుకున్నవాళ్లే జట్టులోకి వెళ్తారు. రూతును మాత్రం రెండు నెలలకే ఇంటికి పంపేశారు.

గోడకు సైకిల్ ఆనించి డ్రిల్ సారు సుందర్ రావు లోపలికి వచ్చాడు. రూతుకు పరుగు నేర్పింది ఆయనే. సారమ్మ లేచి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి, మగవాళ్లిద్దరికీ ఇచ్చి, మళ్లీ ఆకు ముందు కూర్చుంది.

"నా బిడ్డను కట్టెపుల్లను జేసి పంపిన్రు గద సార్! ఆ కమిటోల్లు బువ్వ పెట్టలేదా?" సాల్మన్ గొంతు పెంచాడు.

"పెట్టకపోవుడేంది? నేను ట్రంకాల్ జేసి అడిగిన. పొద్దుగాల గుడ్లు, పాలు. మధ్యాహ్నం మాంసం. ఈ పిల్లే ముట్టలేదట. చీకటి పడ్డంకనే ఇంత తినేదట. పరుగుల కండ్లు తిరిగి పడ్డది. డాక్టరు అన్నీ చూసి ఏ రోగం లేదన్నడు."

సారమ్మ చేతిలో కాడ అట్లాగే ఉండిపోయింది.

"ఎవలో ఏదో జేసిన్రు సార్! నా బిడ్డ కడుపు మాడ్చినోల్ల నోట్లె మన్నువడ!" సాల్మన్ శాపనార్థాలు పెట్టాడు.

సుందర్ రావు రూతు వైపు తిరిగాడు. "కమిటీ ఇంక నిన్ను ఇడువలేదు బిడ్డా. ఎందుకు తినలేదో చెప్పమన్నరు. కారణం సరైందైతే మళ్ల పిలుస్తరట. ఇయ్యాల్నే ఫోన్ చెయ్యాలె. జర నోరిప్పు."

సారమ్మ తలెత్తింది. "సార్, అది..."

"నాకే తినబుద్ధి గాలేదు సార్," రూతు గబుక్కున అంది.

"గంతేనా?"

"గంతే."

సుందర్ రావు చాయ్ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. "దేశం పెట్టిన తిండిని కాదన్నవంటే ఎంత పొగరే నీకు! నీ జాగల ఇంకో పిల్లను తీస్కోమని చెప్త."

సాల్మన్ నెత్తి పట్టుకున్నాడు.

రూతు ఒళ్లోని ఆకు దులుపుకొని లేచింది.

ఆనాడు కాజీపేట స్టేషన్లో రైలు కదలబోతుంటే, జట్టులో పేరొచ్చేదాకా మనిద్దరం ఒక్కపొద్దుందాం, పొద్దు గూకేదాకా మెతుకు ముట్టనని దేవుని ముందర చెప్పు అంటూ తన నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకున్న తల్లి వైపు ఒక్కసారి చూసి ఇల్లు దాటి వెళ్లిపోయింది.