పెళ్లిబండికి ఆయాసం

పర్ణశాల ఇంకా నాలుగు మైళ్లుందనగా పెళ్లిబండి దగ్గి, తుమ్మి, రెండుసార్లు ఎగిరిపడి, టేకుచెట్ల నడుమ ఆగిపోయింది. వెనక కూర్చున్న చుట్టాల కొత్త బట్టలన్నీ నల్లపొగలో మునిగి తేలాయి.

లూకా స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాడు. బండి ఆగిందని కాదు. ఛస్తే ఆగదని నిన్న అందరి ముందూ తనే చెప్పినందుకు.

అది మిషన్ దవాఖానా వాళ్ల జపాన్ పికప్. విదేశాల నుంచి దానంగా వచ్చింది. భద్రాచలం చుట్టుపక్కల అలాంటి బండి ఇంకొకటి లేదు. దాన్ని బాగుచేయగల మెకానిక్కూ లేడు. ఈ రెండో సంగతి లూకా ఒప్పుకోడు.

పెట్రోలు తెగ తాగుతోందని మొన్న వాళ్లు బండిని అప్పగిస్తే, ఒక పూటంతా కార్బురేటర్ కోసం వెతికాడు. ఆ బండికసలు కార్బురేటరే ఉండదని, ఎస్టీడీ బూతు నుంచి హైదరాబాద్ షెడ్డుకు ఫోన్ చేశాక తెలిసింది. ఆక్సిజన్ సెన్సరు చూడమని వాళ్లే చెప్పారు. బండితో పాటు వచ్చిన స్పేర్ల పెట్టెలో కొత్తవి రెండున్నాయి. బండికీ రెండే, పొగగొట్టానికి ముందొకటి, వెనకొకటి. ముందుది పట్టేసి ఊడిరాలేదు. వెనకది సులువుగా వచ్చింది. సులువుగా వచ్చినదాన్నే మార్చి, బండి బాగైపోయిందని చాటింపు వేశాడు లూకా.

పెళ్లికూతురు సంపూర్ణ ఆ దవాఖానాలోనే నర్సు. "ఆ బండిని లూకా బాగుచేసిండట, మీరు బస్సుల రండి" అని ముందే కబురు పంపింది. ఎవరూ వినలేదు. లూకా విననివ్వలేదు.

ముందు సీట్లో ఆంథోని ఉన్నాడు. కోటు, టై, జేబుకు గులాబీ. చెమట చెవుల వెంట కారుతున్నా కోటు విప్పడం లేదు.

"లూకా, పదింటికల్లా పర్ణశాల చర్చిల ఉండాలన్నడు ఫాదర్."

"నువ్వు పౌడర్ కారకుండ చూస్కో చాలు" అని లూకా కిందికి దిగి బానెట్ ఎత్తాడు.

మేనమామ బొజ్జయ్య వెనక నుంచి దూకి వచ్చాడు. "ఏమైందిరా అల్లుడా?"

"ఆక్సిజన్ సెన్సరు మామా."

"ఆక్సిజనా? అది దవాఖానాల రోగులకు పెట్టేది గదా! బండికి ఆయాసమొచ్చిందా ఏంది?"

వెనక అంతా గొల్లుమన్నారు.

"పొగ వాసన చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజనుకు చెప్తది మామా. ముక్కు అసుంటిది."

"మరి దీని ముక్కుకేమైంది?"

"పడిశం" అన్నాడు లూకా, తలెత్తకుండా. "నేను మూతికి మందు రాసిన."

లూకా తల్లి మరియ తొంగిచూసింది. "చొక్కా మాసిపోతదిరా! ఇయ్యాల గూడ బండి కిందికేనా?"

అంతలో భద్రాచలం వైపు నుంచి ఖాళీ ట్రాక్టరొకటి వచ్చి ఆగింది. అందరూ ట్రాలీలోకి ఎక్కారు. ఆంథోని మడ్‌గార్డు మీద రుమాలు పరుచుకుని మరీ కూర్చున్నాడు.

"నువ్వు గూడ ఎక్కురా! నువ్వు రాకపోతే ఎట్ల?" అంది మరియ.

"మీరు పోండమ్మా. మీ వెనకనే వస్త."

"ఎవడన్న గిట్ల చేస్తడారా?"

"వాడు రాడక్కా. ఆ బండిని కట్టుకున్నడు వాడు" అన్నాడు బొజ్జయ్య. ట్రాక్టరు కదిలింది.

ట్రాక్టరెక్కి పోతే సంపూర్ణ ఏమంటుందో లూకాకు తెలుసు. ఏమీ అనదు. నవ్వుతుంది. అదే భరించలేడు.

ఎట్లాగో ఇంజను స్టార్టు చేసి, కరెంటు కొలిచే మీటరు తీగలు ముందు సెన్సరుకు తగిలించాడు. మంచి సెన్సరైతే ముల్లు అటూ ఇటూ ఊగుతుండాలి. ఇది చచ్చిన పాములా ఒకేచోట పడుంది. మొన్ననే ఈ మీటరు పెట్టి చూసుంటే సరిపోయేది. పెట్టలేదు. పెడితే, ఊడిరానిదాన్నే ఊడదీయాల్సి వచ్చేది మరి.

ఇంజను ఆపి పొగగొట్టం కిందికి దూరాడు. కిరసనాయిలు పోశాడు. స్పానర్ బిగించి గుంజితే జారి, పిడికిలి తోలు లేచింది. మళ్లీ గుంజితే మోచెయ్యి గొట్టానికి తగిలి కాలింది. భద్రాచలం రామయ్య దగ్గర్నుంచి వేళాంగిణి మాత దాకా అందరినీ పిలిచాడు. ఎవరు పలికారో తెలియదు గానీ, సెన్సరు కిర్రుమని కదిలింది.

పెట్టెలో మిగిలిన కొత్తది బిగించాడు. మసిబారిన ప్లగ్గులు తుడిచాడు. ఇంజను పాత లెక్కలు మరిచిపోయేలా బ్యాటరీ తీగ విప్పి మళ్లీ తగిలించాడు. తాళం తిప్పితే ఇంజను గొణగకుండా గుర్రుమంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను జబ్బును చూపే పసుపు దీపం ఆరిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే పొగ లేదు. చూసేవాడూ లేడు. లూకాకు ఏడుపొచ్చినంత పనైంది.

చర్చి చేరేసరికి జనం సగం బయటే నిలబడి ఉన్నారు. బండిని వాళ్ల ముందు కావాలనే ఒక చుట్టు తిప్పి ఆపాడు లూకా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మరియ మాత్రం నెత్తి కొట్టుకుంది.

లోపల పీఠం ముందు తెల్లచీరలో సంపూర్ణ, పక్కన కోటులో ఆంథోని. ఫాదర్ అప్పటికే ఎన్నిసార్లు గడియారం చూసుకున్నాడో.

లూకా గబగబా లోపలికి నడిచాడు. సంపూర్ణ అతని చొక్కా చూసింది. కాలిన చెయ్యి చూసింది.

"ఈసారి ముందుదే మార్చిన" అన్నాడు లూకా మెల్లగా. "ఆగకుండ వచ్చింది."

ఫాదర్ నిట్టూర్చి, తోడు పెళ్లికొడుకు ఆంథోనిని ఓ అడుగు పక్కకు జరగమని చెప్పి, ఆ ఖాళీలో గ్రీజు చొక్కాతో నిలబడ్డవాణ్ణి అడిగాడు: "లూకా, ఈ సంపూర్ణను నీ భార్యగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?"