జారిపోయిన డ్రమ్ము

"మనం వెళ్ళేది కాఫీ గింజలకి, జీన్సు ప్యాంట్లకి. డ్రమ్ములకి కాదు," అంది స్తానొయ్కా, ఖాళీ సంచిలో ఇంకో ఖాళీ సంచి కుక్కుతూ.

తమ ఊరు చాచక్ నుంచి సరిహద్దు దాటి పక్క దేశంలోని ట్రియెస్తే బజారుకు వెళ్ళేవాళ్ళు అందరూ అలాగే సర్దుకుంటారు. వెళ్ళేటప్పుడు సంచిలో సంచి, వచ్చేటప్పుడు ఒంటి మీద బట్ట మీద బట్ట.

"వంటింట్లో మూకుళ్ళ మీద ఎన్నాళ్ళని వాయించను?" అన్నాడు ఆమె భర్త బోగోల్యూబ్.

"నా మూకుళ్ళకి సొట్టలు పడ్డాయి. నెత్తి నెరిసింది, ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసుకునే మనిషివి. నీకెందుకయ్యా ఈ పిచ్చి? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నేర్చుకుంటాను."

ట్రియెస్తేలో అతను ఆమె మాట వినలేదు. ఎర్రగా మెరిసిపోతున్న డ్రమ్ముల సెట్టు కొన్నాడు. పెద్ద డ్రమ్ము, చిన్నవి, ఇత్తడి పళ్ళేలు, వాటికి కాళ్ళు. దుకాణదారు అతన్ని కూర్చోబెట్టి ఒక్క దరువు నేర్పాడు. అది మరిచిపోకుండా బస్సు దాకా తొడ మీద వాయించుకుంటూనే వచ్చాడు.

తిరుగు దారిలో, సరిహద్దు ఇంకా కొంచెం దూరం ఉందనగా తోటి ప్రయాణికులు బస్సు ఆపించారు. కొత్త సరుక్కి సుంకం కట్టాలి, పాతదైతే అక్కర్లేదు. కొత్త బూట్లు బురదలో తొక్కి పాతవి చేయడంలో ఆ బస్సువాళ్ళంతా ఆరితేరినవాళ్ళే. డ్రమ్ములు దింపి మట్టి రుద్దారు. తాళంచెవులతో గీతలు గీశారు.

"మెల్లిగా... అయ్యో, మెల్లిగా," అంటూ బోగోల్యూబ్ చుట్టూ తిరిగాడు.

"ఓర్చుకో," అంది స్తానొయ్కా. ఆమె కూడా తలపిన్ను తీసి పెద్ద డ్రమ్ము మీద బాగా గీసింది. "ఏళ్ళ తరబడి వాయిస్తున్నానని చెప్పు. అటు చుట్టాల పెళ్ళిలో వాయించి వస్తున్నానని చెప్పు."

గేటు దగ్గర కస్టమ్స్ అధికారికి అతను అలాగే చెప్పాడు. అధికారి ఒక డ్రమ్ము మీది మట్టిని వేలితో తుడిచి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఏళ్ళ తరబడా? అయితే ఇక్కడ పెట్టి ఓ కోలో వాయించు. పెళ్ళిలో అందరూ చేతులు పట్టుకుని ఆడేదే. అంతకంటే తేలికైనది ఏముంది?"

"ఇక్కడా, కామ్రేడ్?"

"ఇక్కడే. ఏం, పెళ్ళికూతురు లేదనా?"

ఏ కాలు దేనికి తగిలించాలో కూడా బోగోల్యూబ్‌కి తెలియలేదు. చివరికి ఎలాగో నిలబెట్టి, ఎవరో ఇచ్చిన పెట్టె మీద కూర్చున్నాడు. వచ్చిన ఆ ఒక్క దరువే మొదలుపెట్టాడు. కాలితో మీట తొక్కినప్పుడల్లా పెద్ద డ్రమ్ము తారురోడ్డు మీద ముందుకు జారింది. పెట్టెతో సహా అతనూ దాని వెనకాలే జరిగాడు. తొక్కాడు, జారింది. జరిగాడు.

వెనక ఆగిన బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టారు.

"పట్టుకో మావా, పారిపోతోంది!"

"ఆ పెళ్ళికొడుకూ ఇలాగే పారిపోయుంటాడు!"

అతని డ్రమ్ములకి మట్టి రుద్దిపెట్టినవాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. బోగోల్యూబ్ మెడ దాకా ఎర్రబడ్డాడు. అయినా ఆపలేదు.

అధికారి బస్సెక్కాడు. "ఇతనితో వచ్చినవాళ్ళెవరు? దిగండి."

స్తానొయ్కా పావడా కింద జీన్సు ప్యాంట్లున్నాయి. కోటు లోపల కాఫీ పొట్లాలున్నాయి. దిగితే వెతుకుతారు. కానీ ఆ క్షణంలో ఆమె ఆలోచిస్తున్నది వాటి గురించి కాదు. ఆ నవ్వుల మధ్యకు వెళ్ళి, అతని పక్కన నిలబడాలి. అది ఆమె వల్ల కాలేదు.

అధికారి ఆమె ముందు ఆగాడు. "మీ ఆయనా?"

"కాదు," అంది. అది చాలదేమోనని గొంతు పెంచి, "ఆయనెవరో నేనెరగను," అంది.

కింద దరువు ఆగిపోయింది. బోగోల్యూబ్ వాయించే పుల్లలు చేత్తో పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. ఆమె మొహం తిప్పుకుంది.

అధికారి కిందికి దిగి అతని భుజం తట్టాడు. "అమ్ముకునేవాడికి ఇంత సిగ్గుండదు. ఇవి నీవే. తీసుకుని పో. వెళ్ళి నేర్చుకో."

బస్సంతా చప్పట్లు కొట్టింది. డ్రమ్ములు ఎత్తుతున్న చప్పుడు, సామాన్ల తలుపు మూసిన చప్పుడు స్తానొయ్కాకి వినిపించాయి. తల ఎత్తలేదు. కోపంతో వెనక సీట్లో కూర్చుని ఉంటాడనుకుంది. బస్సు కదిలాక దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. వంటిల్లు నీకే వదిలేస్తాను, పొద్దస్తమానం వాయించుకో అనాలి. ముందు తప్పయిపోయింది అనాలి. లేదు, ముందు తినమనాలి.

ల్యుబ్లియానాలో బస్సు ఆగినప్పుడు రొట్టె, ఉడికించిన గుడ్లు, ఎర్ర మిరప పచ్చడి పట్టుకుని వెనక్కి వెళ్ళింది. వెనక సీటు నిండా ఒక ముసలామె కాళ్ళు బారజాపుకుని పడుకుంది.

"మా ఆయన ఏడీ?"

ముసలామె లేచి కూర్చుంది. "డ్రమ్ముల మనిషా? ఆ గేటు దగ్గరే డ్రైవరుకి చెప్పి, తన సామానంతా ఎదురుగా వచ్చిన బస్సులోకి మార్చుకున్నాడు. ట్రియెస్తే వెళ్ళే బస్సులోకి."

"మరి నాకు చెప్పరేం?"

"నీకేమవుతాడని చెప్పాలి తల్లీ?"

బోగోల్యూబ్ సరిహద్దు అటువైపుకు వెళ్ళింది 1974 అక్టోబరు పదమూడున, ఆదివారం మధ్యాహ్నం. ఆ తర్వాత అతను చాచక్‌కు తిరిగి రాలేదు.