అరవై ఒకటి దగ్గర

"ఎంత?"

"నలభై రెండండీ."

ఆపరేటర్ మెషీన్ చక్రం ఇంకాస్త తిప్పాడు. పై దవడ ఎడమకి, కింది దవడ కుడికి. ఆ రెండింటి మధ్య బిగించిన బొటనవేలంత లోహపు ముక్క. చూడ్డానికి స్టీలే, లోపల పరమాణువుల పొందిక మాత్రం గాజుది. ఎంత లాగినా వంగదు, సాగదు. లోపలెక్కడో వెంట్రుక కన్నా సన్నటి గీత వెంబడి జారడం మొదలవుతుంది. పైకి ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒక్కసారే ఫట్‌మంటుంది.

గదిలో వాళ్లిద్దరే. ఆయన మెషీన్ దగ్గర, ఆమె మీటరు ముందు, రికార్డు పుస్తకంతో. పదకొండేళ్లుగా ఇంతే. అంకెలు కాని మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తు లేదు.

ఫోను మోగింది. వేరే ఊళ్లో పెట్టబోయే కొత్త ల్యాబు డైరెక్టర్.

"ఏమ్మా, ఏం ఆలోచించావ్? ఇక్కడ సెక్షనంతా నీదే. ఇవాళ చెప్పెయ్యాలి మరి. ఇంట్లో అడిగావా?"

"ఇంకా లేదు సార్."

"వారమైందిగా!"

"అడుగుదామనే చూస్తున్నా సార్."

ఫోను పెట్టేసి ఆయన వైపు చూసింది. వద్దంటే ఆగిపోదామనే ఉంది. ఫోనెవరని అడిగినా చాలు.

"ఏమండీ," అంది మెల్లగా. "నేను వేరే ఊరు వెళ్లిపోతే..."

"ఎంత?" అన్నాడాయన, ముక్క మీంచి చూపు తిప్పకుండా.

"యాభై ఏడు."

ఆయన చక్రం తిప్పుతూనే ముందుకి వంగాడు. రక్షణ అద్దాలు నుదుటి మీదే ఉండిపోయాయి. ఆమె ఒక్క ఉదుటున లేచి, భుజం పట్టి వెనక్కి లాగింది.

ఫట్!

పెచ్చొకటి ఆయన చెంప పక్కనుంచి దూసుకెళ్లి గోడకి తగిలింది.

ఆమె చెయ్యి భుజం మీదే ఉంది. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది.

"ఎంత దగ్గర విరిగింది?"

"అరవై ఒకటి," అంది, మీటరు ముల్లు ఆగిన చోటు చూసి.

చెయ్యి తీసేసింది. అంకె రాసింది. ఫోను తీసి, "వస్తాను సార్," అంది. ఆయన కింద పడ్డ ముక్కలు ఏరుతున్నాడు. విన్నాడో లేదో.

ఐదింటికి ఆయన స్కూటర్ స్టార్ట్ చేస్తే, పెళ్లయినప్పటి నుంచీ కూర్చుంటున్నట్టే భర్త వెనక కూర్చుని, ఆమె ఇంటికి బయల్దేరింది.