తెల్ల చంద్రకాంత

తేనెటీగలు అంతరించాక పుప్పొడి మోసేది యంత్రపుటీగలే. మా పెరట్లో ఎర్ర చంద్రకాంతను తెల్లదానితో అవి కలిపితేనే, ఆ గింజలకు అమ్మ జడలో పెట్టుకునే గులాబీరంగు పూలు పూసేవి.

అమ్మ పోయిన రోజు ఆ గులాబీ మొక్కలన్నీ పూలతో సహా పెరికి ఆమె మీదే వేశాం.

"ఆ తెల్లమొక్క పీకెయ్యమ్మా నళినీ. అమ్మకి కప్పిన గుడ్డే గుర్తొస్తంది," అన్నాడు నాన్న. పీకేశాను.

మరుసటేడు గింజలన్నీ ఎర్రగానే పూశాయి. నాన్న సాయంత్రమల్లా మొక్క మొక్కా వెతికాడు.

"గులాబీరంగు పువ్వేదే?" అని యంత్రపుటీగనడిగాడు.

"దానికి తెలుపు కూడా కలవాలండి. తెల్ల చంద్రకాంత విత్తనం ఇప్పుడెక్కడా లేదండి," అందది.

అప్పట్నించీ నాన్న తెల్లమొక్క పీకిన గుంటలో రోజూ చెంబుడు నీళ్ళు పోస్తున్నాడు.

"దుంపేమన్నా మిగిలిందేమోనమ్మా," అంటాడు.