దొంగ మేత

“బాబాయ్, ఈ లావు ఎలుకకి దొంగచాటుగా మేత పెడుతున్నది నువ్వేగా?” బోను తెచ్చి బల్లమీద పెట్టి నిలదీసింది ల్యాబ్ మేడం.

ఎలుకల గది చూసుకునే బాబాయ్ తెల్లబోయాడు. “ఒట్టు మేడం! దీనికీ, పక్క బోనులో సన్నదానికీ తూకం వేసి సమానంగానే పెడుతున్నా.”

“మరి అది ఇరవై అయిదు గ్రాములు, ఇది నలభై ఎనిమిది! గాలి భోంచేసి బలిసిందా? తినకుండా ఎవరికీ ఒళ్ళు రాదు. నా చెవిలో పూలు పెట్టకు.”

లావు ఎలుకకి పుట్టుకతోనే ఒక రిసెప్టర్ లేదు. ఒంట్లో కొవ్వు చేరగానే ‘ఇక చాలు’ అని ఒక హార్మోన్ మెదడుకి కబురు పంపుతుంది. ఆ కబురు అందుకోవాల్సింది ఈ రిసెప్టరే. అది లేక పాపం దానికి ఎప్పుడూ ఆకలే. సన్న ఎలుకతో సమానంగా మేత పెడితే బరువూ సమానంగానే ఉండాలని మేడం లెక్క. తన లెక్క తప్పుతుందా? మనిషే తప్పుచేసి ఉండాలి!

“గదిలో కెమెరా పెట్టించాను. ఒక్క గింజ ఎక్కువ పడినా నీ ఉద్యోగం ఊడినట్టే.”

బాబాయ్ రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది.

వారం తిరిగాక మేడం ఆ వీడియో అంతా అతని ఎదుటే చూసింది. బోనులోకి చెయ్యి వెళ్ళిన ప్రతిసారీ ఆపి ఆపి చూసింది. ఒకచోట ఎగిరి గంతేసినంత పనిచేసింది.

“దొరికావ్! లావుదాన్ని దోసిట్లో పట్టుకుని ఏం తినిపిస్తున్నావ్?”

“ఏమీ లేదు మేడం. దాని ఒళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటుంది. కాస్త వెచ్చగా ఉంటుందని పట్టుకున్నా. సన్నది బోనంతా గెంతుతుంది, ఇది ఉన్నచోటు నుంచి కదలదు.”

మేడం నమ్మలేదు. థర్మామీటర్ పెట్టి చూసింది. నిజమే, సన్నదానికన్నా రెండు డిగ్రీలు తక్కువ.

కుర్చీలో కూలబడింది. కబురందని మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచడమే కాదు, ఒంటి ఖర్చూ తగ్గించేసింది. తిన్నది కొంచెమే, కరిగేది అంతకన్నా కొంచెం.

“తప్పు నాదే బాబాయ్. నిన్ను నానామాటలు అన్నాను.”

“పర్లేదు మేడం,” అన్నాడు బాబాయ్, పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి.

మేడం మొహం మాత్రం తేటపడలేదు. ఇంట్లో కూతుర్ని చూసుకుంటున్న తల్లికి ఫోన్ చేసింది.

“అమ్మా, ‘దొంగచాటుగా ఏమీ తినడం లేదు, ఊరికే లావవుతున్నా’ అని పాప చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఆ వంటింటి తాళం తీసెయ్.”