గుయ్యిమనే గిటారు

బెంజమిన్ లెక్కలో మేళ్లచెరువు మొత్తానికి చెవులున్న మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ బెంజమినే.

పాస్టరుగారికి పాటంటే చప్పట్లు. కీబోర్డు వాయించే గ్లోరీకి బటన్లు నొక్కడం తప్ప సంగీతం తెలియదు. చర్చికి వచ్చే జనం సంగతి చెప్పనే అక్కర్లేదు, మైకు గట్టిగా మోగితే పాట బాగుందనే రకం. ఇలాంటి ఊళ్లో పుట్టించినందుకు బెంజమిన్ దేవుడి మీద కూడా కొంచెం అలిగి ఉన్నాడు.

అంతటివాడి పరువును ఇప్పుడు అతని ఎలక్ట్రిక్ గిటారే తీస్తోంది. హైదరాబాదు నుంచి కొత్త పికప్ తెప్పించాడు. తీగల కింద ఉండి, వాటి కదలికను పట్టి స్పీకరుకు పంపే అయస్కాంతం అది. ఇక్కడి మోటు మెకానిక్కుల చేతికివ్వడం ఇష్టంలేక, వీడియోలు చూసి తనే బిగించుకున్నాడు. ఆ రోజు నుంచి స్పీకరు ఆగకుండా గుయ్యిమంటోంది.

"ఆదివారం మీటింగుల గూడ గిట్లనే మోగితే గ్లోరీ కీబోర్డు సాలు. నువ్వు కింద కూసోని పాడు" అని పాస్టరుగారు తేల్చేశారు.

కింద! ఆ జనంలో! బెంజమిన్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు. హైదరాబాదు పోయివచ్చే వ్యవధి లేదు. శనివారం పొద్దున, గతిలేక, గిటారునూ చిన్న స్పీకరునూ మోసుకుని ఎల్లస్వామి షెడ్డుకు పోయాడు. ఎల్లస్వామి కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాడు.

"ఇది మోటరు కాదు, గిటారు. జర పయిలం" అన్నాడు బెంజమిన్.

ఎల్లస్వామి అతని మొహంలోకి గుడ్లప్పగించి చూశాడు. గిటారు అనే మాట ఈ జన్మలో విన్నట్టు లేడు.

"దీన్ని బాగుచేసెటోనికి చెవులుండాలె. ఉన్నయా నీకు?"

ఎల్లస్వామి నవ్వాడు. సిగ్గులేని నవ్వు.

"వాయించు తమ్మీ!" అని షెడ్డు రేకులదిరేలా అరిచాడు. ఎదురుగా ఉన్న మనిషితో మెల్లగా మాట్లాడాలని కూడా తెలియదు.

బెంజమిన్ వాయించాడు. స్పీకరు గుయ్యిమంది. ఎల్లస్వామి స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత స్క్రూడ్రైవరు పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి, కొసను డబ్బాకు తాకించి, కళ్లు మూసుకున్నాడు. పొద్దున పళ్లు తోమలేదేమో, వేపపుల్ల అనుకుంటున్నాడు!

బెంజమిన్ అటు తిరిగి, "గాడిదకేం ఎరుక గంధం వాసన" అని పైకే అన్నాడు. ఎల్లస్వామి ఉలకలేదు, పలకలేదు. వీడికి పౌరుషం కూడా లేదనుకున్నాడు బెంజమిన్.

"ఎర్త్ లేదు" అన్నాడు ఎల్లస్వామి కళ్లు తెరిచి. "ఎర్త్ లేకుంటే కరెంటుది ఏదైనా గిట్లనే వణుకుతది."

మరలు విప్పాడు. బెంజమిన్ బిగించేటప్పుడు వదిలేసిన సన్న వైరు ఒకటి లోపల ఊరికే వేలాడుతోంది. దాన్ని తీగలు ఆనే ఇనుప పట్టీకి అతికించి, డబ్బా మీద మళ్లీ చెయ్యి పెట్టి, తలూపాడు.

మోత ఆగిపోయింది. బెంజమిన్ ఒక తీగ మీటాడు. తేట నీళ్లలా ఉంది స్వరం. ఆదివారం పాట మొత్తం వాయించాడు. ఎన్నాళ్లుగానో తను తలలో వింటున్న సౌండు ఇదే. ఇక కింద కూర్చునే పని లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తల ఎత్తి చూస్తే ఎల్లస్వామి వీపు కనిపించింది. అటు తిరిగి ఏదో మోటరు విప్పుకుంటున్నాడు.

"ఎట్లుంది?" అని అడిగాడు బెంజమిన్.

జవాబు లేదు. మళ్లీ అడిగాడు. లేదు.

ఒళ్లు మండిపోయింది. గుమ్మం దగ్గర కూర్చుని రాగి తీగ చుడుతున్న ఎల్లస్వామి బిడ్డ మమత వైపు తిరిగాడు.

"మీ నాయినకు పనొస్తది గని పాట ఇనే రాత లేదు. ఇంత మంచిగ వాయిస్తే, మర్యాదకన్న బాగుందని ఒక్క మాట అనద్దా?"

మమత చుట్టడం ఆపకుండానే చెప్పింది: "క్వారీల మందుగుండు పేలి మా నాయినకు రెండు చెవులు పోయి పన్నెండేండ్లాయె అన్నా."